తూటాలు తిన్న బోర్డు

ఓ పద్నాలుగేళ్ల పిల్లాడి జ్ఞాపకంగా నదిఒడ్డున బోర్డు పెట్టారు. ఎవరో ఎత్తుకెళ్లి నీళ్లలో పారేశారు. మళ్లీ పెట్టారు. తుపాకులతో కాల్చారు. మళ్లీ పెట్టారు. మళ్లీ కాల్చారు. అయినా పెట్టినవాళ్లు ఊరుకోలేదు. వాళ్ల పట్టుదల వెనక, తన తప్పు తాను ఒప్పుకోవడానికి యాభైరెండేళ్లు పట్టిన ఓ చిన్న ఊరి కథ ఉంది.

అమెరికా దక్షిణాన మిసిసిపి రాష్ట్రం. అక్కడి పత్తిచేల మధ్యనుంచి టాలహాచీ అనే నది పారుతుంటుంది. దాని ఒడ్డున ఒకప్పుడు పడవలు ఆగిన రేవు... గ్రాబాల్ లాండింగ్. మట్టిరోడ్డు పట్టుకుని లోపలికి వెళితేగానీ కనిపించదు. చుట్టుపక్కల ఇల్లూ వాకిలీ లేవు. అలాంటి చోట 2019 అక్టోబరులో ఓ బోర్డు పాతారు. దాని బరువు 500 పౌన్లు. అంటే 225 కిలోల పైమాటే. మూడు ధాన్యం బస్తాల బరువన్నమాట! రైఫిల్‌తో కాల్చినా తూటా దిగని గట్టి ఉక్కుతో చేశారు దాన్ని. కాపలాగా కెమెరాలు కూడా పెట్టారు.

బ్యాంకు లాకరుకి అంత భద్రత కావాలి, మంత్రిగారి కారుకి కావాలి. దారినపోయేవాళ్లు చదువుకునే బోర్డుకెందుకు?

ఎందుకంటే అంతకుముందు అదే చోట పెట్టిన మూడు బోర్డుల్లో ఒక్కటీ బతికి బట్టకట్టలేదు. వాటిమీద ఎవర్నీ తిట్టలేదు, ఎవర్నీ నిందించలేదు. ఎమ్మెట్ టిల్ అనే కుర్రాడికి 1955లో ఏం జరిగిందో రాశారు. అంతే!

సెలవులకొచ్చిన పిల్లాడు

ఎమ్మెట్‌ది షికాగో. 1941 జులై 25న పుట్టాడు. అమ్మ మేమీకి ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు పోలియో సోకింది. బతికి బయటపడ్డాడుగానీ మాట కొంచెం తడబడేది. ఏదైనా మాట నోట్లో చిక్కుకుపోతే ఓసారి ఈల వేసి, అప్పుడు చెప్పమని వాళ్లమ్మ నేర్పింది. ఆ కొడుకు 1955 ఆగస్టులో మిసిసిపిలోని చినతాత మోసెస్ రైట్ ఇంటికి వెళ్తానని పట్టుబట్టాడు. అన్న వరసయ్యే వీలర్ పార్కర్ కూడా వెళ్తున్నాడు మరి.

రైలెక్కించే ముందు అమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది... అక్కడ తెల్లవాళ్ల ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలని. షికాగోలోనూ వివక్ష లేకపోలేదు. కానీ మిసిసిపిలో అది చట్టం. బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు. తెల్లామెకి ఎదురైతే నల్లవాడు పక్కకి తప్పుకోవాల్సిందే. చదువుకుని తెలుసుకునే నియమాలు కావవి. అక్కడ పుట్టిన పిల్లలకు ఉగ్గుపాలతోనే వచ్చేవి. ఎమ్మెట్ అక్కడ పుట్టలేదు. వాడి వేలికి చనిపోయిన తండ్రి ఉంగరం ఉంది. దానిమీద ఆయన పేరులోని పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆ ఉంగరం సంగతి గుర్తుపెట్టుకోండి.

మోసెస్ రైట్ పత్తి కౌలురైతు. ఉండేది మనీ అనే ఊరి దగ్గర. పేరుకే మనీ... ఓ దుకాణాల వరస, ఓ జిన్నింగ్ మిల్లు, అంతకుమించి లేదు. ఆగస్టు 24 సాయంత్రం పిల్లలంతా కలిసి అక్కడి బ్రయంట్ కిరాణాకొట్టుకి వెళ్లారు. ఎమ్మెట్ రెండు సెంట్ల బబుల్‌గమ్ కొనుక్కున్నాడు. కౌంటర్లో ఉన్నది కొట్టు యజమాని భార్య, 21 ఏళ్ల కేరొలిన్ బ్రయంట్. తరవాత రోజుల్లో ఆవిడ కోర్టులో ఏవేవో చెప్పింది. ఆ సాయంత్రం పక్కనున్న బంధువుల మాట ప్రకారం జరిగింది ఒకటే. ఆవిడ బయటికొచ్చినప్పుడు ఎమ్మెట్ ఓ ఈల వేశాడు.

నాలుగు రోజులకు, ఆగస్టు 28 అర్ధరాత్రి దాటాక రెండున్నరప్పుడు, మోసెస్ రైట్ ఇంటి తలుపు తట్టారు. కేరొలిన్ భర్త రాయ్ బ్రయంట్, అతని సవతి సోదరుడు మిలమ్. చేతిలో తుపాకి, టార్చిలైటు. నిద్రపోతున్న పిల్లాడిని లేపి, బట్టలు వేసుకోమని, ట్రక్కెక్కించి తీసుకెళ్లిపోయారు.

మూడోరోజున టాలహాచీ నదిలో శవం తేలింది. జిన్నింగ్ మిల్లులో వాడే పాత ఫ్యానుని ముళ్లకంచె తీగతో మెడకు కట్టి నీళ్లలో వేశారు. గుంటూరు, ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లులు చూసినవాళ్లకి ఆ యంత్రాల ఇనుము ఎంత బరువుంటుందో చెప్పక్కర్లేదు. ఈ ఫ్యాను 30 కిలోలకు పైనే ఉంది. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. వేలికి ఉంగరం ఉంది.

పెట్టె తెరిచిన తల్లి

అక్కడి అధికారులు ఆఘమేఘాల మీద అదేరోజు మిసిసిపిలోనే పూడ్చిపెట్టేయాలని చూశారు. గొయ్యి తవ్వడం కూడా మొదలైంది. షికాగో నుంచి మేమీ పట్టుబట్టి ఆపించింది. శవం ఆమెకు చేరింది, తెరవకూడదన్న షరతుతో, సీలు వేసిన పెట్టెలో. ఆమె తెరిపించింది. కాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వెళ్లింది, తన కొడుకేనా కాదా అని.

తరవాత చర్చిలో ఎవరూ ఊహించని పని చేసింది. పెట్టె మూత మూయొద్దంది. నేను చూసింది లోకమంతా చూడాలంది. వేలమంది వరసకట్టి చూశారు. చూసి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లున్నారు. నల్లవాళ్ల పత్రిక ‘జెట్’ ఆ ఫొటోని అచ్చువేసింది. మూడు నెలలకు మోంట్‌గోమరీ పట్నంలో రోసా పార్క్స్ అనే మహిళ బస్సులో తెల్లవాళ్లకి సీటివ్వను పొమ్మంది. ఆ సమయంలో తన మనసులో మెదిలింది ఎమ్మెట్ అని ఆవిడ తరవాత చెప్పారు. అక్కణ్నుంచి జరిగిందంతా లోకానికి తెలిసిందే. మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో రెండున్నర లక్షలమంది ముందు ప్రసంగించింది 1963లో... సరిగ్గా ఆగస్టు 28న.

అరవైఏడు నిమిషాలు

విచారణ జరిగింది సమ్నర్ అనే ఊళ్లో. టాలహాచీ కౌంటీకి అక్కడో కోర్టు ఉంది. (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కాకపోతే చాలా చిన్నది.) ఆ రోజుల్లో సమ్నర్ పొలిమేరలో ఓ పలక ఉండేది. పిల్లాణ్ని పెంచడానికి మంచి ఊరు అని దానిమీద రాసుకున్నారు! దేశం నలుమూలల నుంచీ వచ్చిన విలేకరులు ఆ పలకను చూసి ఏమనుకుని ఉంటారో.

ఆ కౌంటీ జనంలో సగానికి పైగా నల్లవాళ్లే. కానీ ఓటరు జాబితాలో ఒక్క నల్ల పేరూ లేదు. ఓటరైతేనే జ్యూరీలో కూర్చునే అర్హత. ఆడవాళ్లకి ఎలాగూ లేదు. కాబట్టి పన్నెండుమంది తెల్ల మగవాళ్లు తీర్పరులయ్యారు. ఊళ్లో ఉన్నది అయిదుగురు ప్లీడర్లు. అయిదుగురూ నిందితుల పక్షానే నిలిచారు. చచ్చిన పిల్లాడి తల్లినీ నల్లజాతి విలేకరులనూ ఓ మూల చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

అలాంటి కోర్టులో 64 ఏళ్ల మోసెస్ రైట్ బోనెక్కాడు. ఆ రాత్రి నీ ఇంటికొచ్చిందెవరని అడిగారు. ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపి మిలమ్‌ని చూపించాడు. తరవాత బ్రయంట్‌ని. మిసిసిపిలో ఓ నల్లవాడు నిండు కోర్టులో తెల్లవాళ్లని వేలెత్తి చూపించి మళ్లీ తన ఊరికి తాను క్షేమంగా వెళ్లగలడని ఆ గదిలో ఎవరూ అనుకుని ఉండరు. ఎర్నెస్ట్ విదర్స్ అనే ఫొటోగ్రాఫర్ ఆ క్షణాన్ని దొంగచాటుగా తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది. విల్లీ రీడ్ అనే 18 ఏళ్ల కుర్రాడు కూడా సాక్ష్యం చెప్పాడు. ఓ పశువులకొట్టంలోంచి దెబ్బలూ ఏడుపూ విన్నానన్నాడు.

శవం ఎమ్మెట్‌దేనని చెప్పలేనన్నాడు షెరీఫ్. ఉంగరం ఉండగా!

సెప్టెంబరు 23న జ్యూరీ లోపలికెళ్లింది. 67 నిమిషాల్లో బయటికొచ్చింది. నిర్దోషులు. మధ్యలో సోడా తాగడానికి ఆగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని జ్యూరీలో ఒకడు అన్నాడు. నాలుగు నెలలకు, 1956 జనవరిలో ఆ ఇద్దరూ ‘లుక్’ పత్రిక నుంచి డబ్బు తీసుకుని, మేమే చంపామని కథంతా చెప్పారు. ఒకసారి నిర్దోషులని తేలిన నేరానికి మళ్లీ విచారించడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. మిలమ్ 1980లో, బ్రయంట్ 1994లో పోయారు. ఒక్కరోజు శిక్ష పడలేదు.

శిక్ష పడింది సాక్షులకే. మోసెస్ రైట్ చేతికొచ్చిన పత్తిని చేలోనే వదిలేసి షికాగో వెళ్లిపోయాడు. విల్లీ రీడ్ పేరు మార్చుకుని అక్కడే ఓ ఆసుపత్రిలో పనికి కుదిరాడు. పెళ్లయిన ఎన్నో ఏళ్లదాకా భార్యకు కూడా ఆ సంగతి చెప్పలేదు.

ఊరు నోరు విప్పలేదు

ఆ తరవాత సమ్నర్‌లో ఏం జరిగిందంటే... ఏమీ జరగలేదు. యాభైఏళ్లు. కోర్టు భవనం అలాగే ఉంది. దాని ముందు దక్షిణాది సైనికుడి విగ్రహం అలాగే ఉంది. నల్లవాళ్లని బానిసలుగా ఉంచుకోవడం కోసం 1860ల్లో పోరాడిన సైన్యం తాలూకు విగ్రహమది. ఎమ్మెట్ పేరు చెప్పే రాయి ఒక్కటీ ఎక్కడా లేదు. తెల్లవాళ్ల ఇళ్లలో అది పరువు తక్కువ విషయం. నల్లవాళ్ల ఇళ్లలో ప్రాణభయం. రెండిళ్లలోనూ పిల్లలకు చెప్పలేదు.

2005లో ఆ ప్రాంతం మీదుగా వెళ్లే హైవేలో కొంత భాగానికి రాష్ట్రప్రభుత్వం ఎమ్మెట్ పేరు పెట్టింది. ఏడాది తిరక్కుండానే ఆ బోర్డుమీద ఎవరో రంగుతో ‘కెకెకె’ అని రాసిపోయారు. నల్లవాళ్లని చంపి చెట్లకు వేలాడదీసిన కు క్లక్స్ క్లాన్ ముఠా పేరది.

ఆ పరిస్థితుల్లో ముందుకొచ్చింది జెరోమ్ లిటిల్. టాలహాచీ కౌంటీ పాలకమండలికి అధ్యక్షుడైన మొదటి నల్లజాతీయుడు. ఎమ్మెట్ పేరుమీద ఓ స్మారక సంఘం పెట్టాలన్నాడు. 2006లో అది ఏర్పడింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి అందులో సభ్యులు. ఎనభై దాటిన బెట్టీ పియర్సన్ అనే తెల్లావిడ కూడా చేరారు. పత్తి ఎస్టేటు యజమానుల కుటుంబం ఆవిడది. 1955లో ఆ విచారణను కోర్టులో కూర్చుని కళ్లారా చూశారు. అప్పట్నుంచీ ఆ తీర్పు ఆవిడను వదల్లేదు.

అందరూ పశ్చాత్తాపంతోనే వచ్చారనుకుంటే పొరపాటు. డబ్బు సంగతీ ఉంది. పత్తి పనుల్లోకి యంత్రాలొచ్చాక అక్కడ ఉపాధి పోయింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. సమ్నర్ జనాభా ఇప్పుడు మూణ్నాలుగు వందలకు మించదు. కోర్టు భవనం శిథిలమవుతోంది, బాగుచేయడానికి కౌంటీ దగ్గర నిధుల్లేవు. కోర్టు తరలిపోతే ఊరే ఉండదు. చారిత్రక కట్టడంగా గుర్తింపొస్తే నిధులొస్తాయి. ఆ కోర్టుకున్న చరిత్ర ఏమిటంటే ఎమ్మెట్ ఒక్కడే! భవనాన్ని కాపాడుకోవాలనుకున్న తెల్లవాళ్లూ, నిజాన్ని రాతపూర్వకంగా చూడాలనుకున్న నల్లవాళ్లూ ఒకే బల్లచుట్టూ చేరడానికి ఇదీ ఓ కారణం. దీన్ని తక్కువచేసి చూడక్కర్లేదు. అవసరం కలిపినా సరే, ఆ ఊళ్లో అలా కలిసి కూర్చోవడం అంతకుముందు లేదు.

కూర్చున్నంత మాత్రాన మాట కుదురుతుందా? మిసిసిపి విశ్వవిద్యాలయానికి చెందిన విలియం వింటర్ సంస్థ మధ్యవర్తిగా ఉంటే, నెలల తరబడి చర్చలు నడిచాయి. అన్నిటికన్నా పెద్ద పేచీ ఒక్క మాట దగ్గర... ‘క్షమాపణ’. తాము చేయని నేరానికి తామెందుకు క్షమాపణ చెప్పాలన్నది కొందరు తెల్ల సభ్యుల అభ్యంతరం. ఊరి పేరుమీద జరిగినదానికి ఊరే చెప్పాలన్నది అవతలివాళ్ల పట్టు. చివరకు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, పదాలు మార్చి, అందరూ ఒప్పుకునేలా ఓ పత్రం రాసుకున్నారు.

2007 అక్టోబరు 2న, అదే కోర్టు మెట్లముందు ఎమ్మెట్ కుటుంబసభ్యుల సమక్షంలో దాన్ని చదివారు. ఎమ్మెట్ కేసులో ఘోరమైన అన్యాయం జరిగిందనీ, న్యాయం కోసం తాము ప్రయత్నించలేదనీ, వాళ్ల బిడ్డకు ఈ గడ్డమీద జరిగినదానికి ఎంతగానో బాధపడుతున్నామనీ దాని సారాంశం. నిజం చెప్పడంతోనే సయోధ్య మొదలవుతుందని కూడా అందులో ఉంది. కొడుకు పోయాక టీచరుగా పనిచేస్తూ జీవితమంతా ఆ కథే చెప్పుకుంటూ తిరిగిన మేమీ ఆ రోజుకి లేరు. 2003 జనవరిలో పోయారు.

317 చిల్లులు

క్షమాపణ అయ్యాక సంఘం చేసిన పని, కథ జరిగిన చోట్లన్నిటా బోర్డులు పెట్టడం. అందులో ఒకటి నదిఒడ్డున గ్రాబాల్ లాండింగ్‌లో. శవం సరిగ్గా అక్కడే ఒడ్డుకు చేర్చారా అన్నదానిమీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. బోర్డుని పగలగొట్టినవాళ్లకి మాత్రం ఆ సందేహం ఉన్నట్టులేదు.

మొదటి బోర్డు 2008లోనే మాయమైంది. పీకి నదిలో పారేశారు. పిల్లాడిని పడేసిన నదిలోనే.

రెండోది పెట్టారు. కొన్నేళ్లపాటు దానిమీద తూటాలు పడుతూనే ఉన్నాయి. 2016లో దాని ఫొటో ఒకటి బయటికొచ్చి దేశమంతా తిరిగింది. లెక్కపెడితే 317 చిల్లులు! పల్లెల్లో వేటగాళ్లు సరదాకి బోర్డులమీద గురిచూస్తుంటారు, దీన్ని పెద్దది చేయొద్దని సర్దిచెప్పినవాళ్లూ ఉన్నారు. కావచ్చు. వేగపరిమితి బోర్డుమీద ఒకటో రెండో చిల్లులుంటాయి. మూడొందల పదిహేడు ఉండవు.

మూడోది 2018 జూన్‌లో పెట్టారు. అయిదు వారాలకే దానిమీదా నాలుగు తూటాలు. అదయ్యాక మరో ఫొటో బయటపడింది. ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు చిల్లులుపడిన బోర్డు పక్కన తుపాకులతో నవ్వుతూ కనిపించారు! వాళ్లే కాల్చారని రుజువు కాలేదు. ఆ నవ్వులు చూశాక రుజువు కోసం ఆగినవాళ్లు తక్కువ. 2019 జులైలో ఆ ఫొటో పత్రికలకెక్కేసరికి సంఘం ఆ బోర్డుని తీసేసింది.

ఇక వదిలేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. డబ్బు వృథా, పైగా గొడవ. ఆ సంఘంలోవాళ్లకి అలా అనిపించలేదు. న్యూయార్క్‌లో తూటాలకి తట్టుకునే ఉక్కుతో నాలుగోది చేయించారు. 2019 అక్టోబరు 19న ఎమ్మెట్ బంధువులు వచ్చి దాన్ని ఆవిష్కరించారు. అంతకుముందు ఆ చోట పెట్టిన బోర్డులకి ఏ గతి పట్టిందో కూడా కొత్త బోర్డుమీద రాశారు. దాంతో అది 1955 కథొక్కటే కాకుండా, మన కాలం కథ కూడా అయింది. రెండు వారాలకే... జాతివిద్వేష ముఠా ఒకటి జెండా పట్టుకుని అక్కడికొచ్చి వీడియో తీసుకోబోయింది. కెమెరాలు పసిగట్టి అలారం మోగించేసరికి పరుగు లంఘించుకున్నారు.

ఆ 317 చిల్లుల బోర్డుని మాత్రం సంఘం పారేయలేదు. 2021లో వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో కొన్ని వారాలు ప్రదర్శనకు పెట్టారు. అమెరికన్లు ప్రాణంగా చూసుకునే పాత జాతీయజెండా ఉన్నది ఆ మ్యూజియంలోనే.

కూలిన కొట్టు, నిలిచిన కోర్టు

అన్నీ ఇలా నిలబడ్డాయనుకోవద్దు. మనీలోని ఆ కిరాణాకొట్టు పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. గోడలమీద తీగలు అల్లుకుపోయాయి. ఆనాటి జ్యూరీలో ఒకరి కుటుంబం చేతుల్లో ఉందది. వాళ్లు బాగుచేయలేదు. బాగుచేస్తామన్నవాళ్లతో బేరం కుదరలేదు. విచిత్రమేమిటంటే, పౌరహక్కుల చరిత్రను కాపాడటానికిచ్చిన ప్రభుత్వ గ్రాంటుతో ఆ పక్కనున్న పెట్రోలు బంకు మాత్రం ముస్తాబైంది. ఎమ్మెట్ కథలో దానికి ఏ పాత్రా లేదు! రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి మెరుస్తూ, ఇంకోటి కూలిపోతూ.

విల్లీ రీడ్ ఏడుపు విన్న పశువులకొట్టం డ్రూ అనే ఊరి దగ్గర ఉంది. చాలాకాలం అది ఓ ఇంటివాళ్ల సొంత ఆస్తి. సామాన్లు పడేసుకునే షెడ్డుగా మిగిలింది. దాన్ని కొన్నట్టు ఎమ్మెట్ టిల్ స్మారక కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. టీవీ సీరియళ్ల నిర్మాత షోండా రైమ్స్ ఇచ్చిన విరాళంతో సాధ్యమైందది. 2030 నాటికి జనం చూసేలా తెరవాలన్నది వాళ్ల ఆలోచన.

ఈమధ్యలో పెద్ద గుర్తింపులూ వచ్చాయి. జాతివిద్వేషంతో గుంపుగా చేసే హత్యల్ని ప్రత్యేక నేరంగా పరిగణించే చట్టం కోసం అమెరికా పార్లమెంటులో 1900 నుంచీ 200 సార్లకు పైగా ప్రయత్నాలు జరిగి వీగిపోయాయి. 2022 మార్చి 29న అది చట్టమైంది. దానికి పెట్టింది ఎమ్మెట్ పేరే. ఆ ఏడాది అక్టోబరులో మనీకి దగ్గర్లోని గ్రీన్‌వుడ్‌లో ఎమ్మెట్ కంచు విగ్రహం వెలిసింది. 2023 జులై 25న, ఎమ్మెట్ బతికుంటే 82వ పుట్టినరోజు, మూడుచోట్లను కలిపి జాతీయ స్మారకంగా ప్రకటించారు అధ్యక్షుడు బైడెన్. షికాగోలో మూత తీసిన పెట్టె ఉంచిన చర్చి, సమ్నర్ కోర్టు, గ్రాబాల్ లాండింగ్. కొడుకు పేరుతోపాటు తల్లి పేరూ పెట్టారు. ఆ రోజు వైట్‌హౌస్‌లో ఓ 84 ఏళ్ల పాస్టర్ కూడా ఉన్నారు. 1955లో ఎమ్మెట్‌తో కలిసి రైలెక్కి మిసిసిపి వెళ్లిన వీలర్ పార్కర్! ట్రక్కులో ఎక్కించుకుపోయిన రాత్రి అదే ఇంట్లో ఉన్నవాడు.

అధ్యక్షుడు సంతకం చేసిన ఆ ప్రకటనకు పునాది ఎక్కడ పడిందని వెతికితే, 2006లో ఓ చిన్న ఊళ్లో పదాల దగ్గర పోట్లాడుకున్న ఆ సంఘం దగ్గరికే వెళ్లాలి. వాళ్లు బోర్డు పెట్టకపోయుంటే గ్రాబాల్ లాండింగ్ ఓ తుప్పలదిబ్బగానే ఉండేది. కోర్టు ఈపాటికి కూలిపోయేది.

ఇప్పుడా కోర్టు గదిని 1955లో ఎలా ఉండేదో అలాగే తీర్చిదిద్దారు. ఎదురుగా పాత దుకాణంలో స్మారక కేంద్రం ఉంది. బడిపిల్లలు, చర్చి బృందాలు, ఎక్కడెక్కడినుంచో కుటుంబాలు వస్తుంటాయి. వచ్చినవాళ్లకి విగ్రహాలూ ఫొటోలూ చూపించి పంపించేయరు. కోర్టు గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెడతారు. 2007 నాటి క్షమాపణ పత్రం చేతికిస్తారు. ఒకరు ఒక పేరా చదువుతారు, ఆ పక్కవాళ్లు తరవాతి పేరా అందుకుంటారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఎవరైనా సరే గొంతెత్తి చదవాలి. మోసెస్ రైట్ లేచి వేలెత్తిన గది అదే. 67 నిమిషాల తరవాత తీర్పు చెప్పిందీ అక్కడే. కొందరు మధ్యలో ఆగిపోతారు. పక్కవాళ్లు కాసేపు చూసి, ఆ వాక్యాన్ని అందుకుని పూర్తిచేస్తారు.